బక్కపడ్డవ్ బిడ్డా

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, భద్రకాళి చెరువు కట్ట మీద మా పొద్దుటి నడక బృందంలో నా రిపోర్టు చేతులు మారింది. మొత్తం కొలెస్ట్రాల్ 104, అందులో చెడ్డదనే ఎల్‌డీఎల్ 41. మా బెంచీ మీద ఇంత తక్కువ ఎవరికీ లేదు. ఇరవై ఏళ్లుగా రాత్రిపూట మాత్ర మింగుతూ కూడా 200 దిగని మిత్రుడొకాయన ఆ కాగితాన్ని పెండ్లి పత్రికలా అటూ ఇటూ తిప్పి చూసి, "గిది పటం కట్టిచ్చి గోడకు పెట్టాలె సార్" అన్నాడు. నేనూ పొంగిపోయాను. ఏడాదిగా నూనె తగ్గించాను, సకినాల డబ్బా వైపు చూడలేదు. అందరూ "మంచిగ బక్కపడ్డరు" అంటున్నారు. నా కష్టానికి మార్కులు పడ్డాయనుకున్నాను.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, ఆ కాగితంలో ఒక సంగతి నాకు వెంటనే కనబడవలసింది. హిమోగ్లోబిన్‌కు ఇంత నుంచి ఇంత వరకు అని రెండు హద్దులు రాసి ఉన్నాయి. చక్కెరకూ అంతే. కొలెస్ట్రాల్ దగ్గర మాత్రం "200 లోపు" అని ఒక్కటే. పైకప్పు ఉంది, నేల లేదు. నేల లేనిచోట ఎంత కిందికి పోతే అంత గొప్ప అనిపిస్తుంది.

హనుమకొండలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరమ్మ ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు నేర్చుకున్న పిల్ల. రిపోర్టు చూసి ఆమె నవ్వలేదు. "మందులేం వాడకుండానే ఇంత తక్కువ ఎందుకుంది సార్?" అంది. తక్కువ రావడానికి కూడా కారణం అడుగుతారని నాకు తట్టనే లేదు. మొత్తం 120 లోపు, ఎల్‌డీఎల్ 50 లోపు ఉంటే కొంచెం ఆగి చూడాలట. ఆ 41 నేరుగా కొలిచింది కూడా కాదు. 104లోంచి హెచ్‌డీఎల్ 42 తీసేసి, ట్రైగ్లిజరైడ్లు 105ను ఐదుతో భాగించగా వచ్చిన 21 కూడా తీసేస్తే మిగిలింది. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన, మరో ఇద్దరు కలిసి ఇచ్చిన సూత్రం. నేను గోడకు పెట్టుకుందామనుకున్నది ఒక తీసివేత!

"చేతులు చాపండి సార్" అంది. చాపాను. నా వేళ్ల మీద ఆ రిపోర్టునే పరిచింది. అది రావి ఆకులా వణికింది.

అప్పుడు ఒక్కొక్కటే అడిగింది. ఆకలి బాగానే ఉందా? ఉంది, రెండు పూటలది ఒక పూటే తింటున్నాను. బరువు? ఆరు కిలోలు తగ్గాను. నిద్ర? పొద్దున నడకకు తొందరగా మెలకువ వస్తోందనుకున్నాను. పుష్యమాసం చలిలో ఫ్యాను వేసుకుంటున్నానని మా ఆవిడ పక్కనుంచి అందించింది. ఇవన్నీ నడక మహిమ ఖాతాలో రాసుకున్నవే. మర్నాడు థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు వచ్చింది, అంటే నా థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నమాట. అలా పనిచేస్తే లివర్ ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలను ఎక్కువగా తయారుచేస్తుందట. ఆ గ్రాహకాల గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. నా నెత్తురు శుభ్రపడలేదు, ఇల్లు అంటుకున్నప్పుడు సామాను ఖాళీ అయినట్టు ఖాళీ అయింది.

అలాగని తక్కువే రోగం అనుకుంటే అదీ తప్పే. అమెరికాలోని డల్లాస్‌లో పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయని మనుషుల్ని గుర్తించారు. ఒకావిడకు ఎల్‌డీఎల్ 14. నిక్షేపంగా ఉంది. అలాంటి జన్యువున్నవాళ్లలో గుండెజబ్బు చాలా అరుదని 2006లో తేలింది. ఆమె 14 ఆమెకు పుట్టింటి సొమ్ము. నా 41 నాలోంచి ఎవరో ఎత్తుకుపోగా మిగిలింది. లివర్ చెడి తయారుచేయలేకపోయినా, పేగులు తిన్నది ఒంటికి పట్టించకపోయినా, క్షయో క్యాన్సరో లోపల తింటున్నా, చివరికి కాగితం మీద పడేది ఆ చిన్న అంకే.

ఆ రాత్రి నిద్ర పట్టక మా నాయిన గుర్తొచ్చాడు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో నేత పని. రాత్రి షిఫ్టు దిగి, పత్తి నుసి తలతో, గంజి తాగి పడుకునేవాడు. ఎముకల మీద చర్మం. ఆయన నెత్తురు ఎవరూ పరీక్షించలేదు. పరీక్షిస్తే నా అంకెకు దగ్గరగానే ఉండేదేమో. మా బెంచీ మీదివాళ్లు ఆయన్నీ మెచ్చుకునేవాళ్లా? నేను హాస్టల్ నుంచి సెలవులకు వస్తే అమ్మ గడపలోనే భుజాలు తడిమి "బక్కపడ్డవ్ బిడ్డా" అనేది. ఆ మాటలో ఏడుపు ఉండేది. వెంటనే పొయ్యి మీద సర్వపిండి. అదే ఊరు, అదే మాట, ఒక్క జీవితకాలంలో పరామర్శ కాస్తా ప్రశంస అయింది. నన్ను ఏడాదిగా అందరూ చూస్తున్నారు. అమ్మ చూసినట్టు చూసింది మాత్రం ఆ డాక్టరమ్మ ఒక్కతే. ఆమె కూడా కాగితం పరిచాకే చూసింది, నిజమే. కానీ చూసింది.

థైరాయిడ్‌ను అదుపులో పెట్టే కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకు కొలెస్ట్రాల్ 168 అయింది. నాలుగు కిలోలు తిరిగొచ్చాయి, చేయి నిలబడింది. సంబరంగా రిపోర్టు పట్టుకుని కట్ట మీదికి వెళ్లాను. బెంచీ మిత్రుడు అంకె చూసి, నన్ను పైనుంచి కిందికి చూసి, కాగితం మెల్లగా మడిచి నా జేబులో పెట్టాడు.

"జర ఒళ్లు చేసిండ్రు సార్" అన్నాడు, గొంతు తగ్గించి. "ఏం గాదు తియ్యిండ్రి. రేపటి సంది ఇంకో రౌండు ఎక్కువ నడుద్దాం."