నిర్మాల్యం గోదావరిలోనే కలపాలా?

సందేహం: మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణి బొగ్గు బాయిల పని చేస్తడు. పూజ చేసిన పూలు, వత్తులు, పాత దేవుని పటాలు అన్నీ ఒక కవర్ల మూటగట్టి నెలకోపారి గోదావరి బ్రిడ్జి మీదికెళ్లి నీళ్లల్ల వేస్తం. అట్ల వేయకుంటే దోషమని మా అత్తమ్మ అంటది. ఇంటర్ చదివే మా బిడ్డ మాత్రం నదిని ఖరాబు చేస్తున్నరని రోజూ కొట్లాడుతది. ఇన్ని బాయిలు, ఇన్ని ఫ్యాక్టరీలు, ఇంత టౌను మోరీ నీళ్లు ఉండంగ మా ఒక్క కవరుతోని గోదావరికి ఏమైతది? శాస్త్రం ఏం చెప్తదో విడమరిచి చెప్పగలరు.
– ఒక గృహిణి, గోదావరిఖని

సమాధానం: అమ్మా, మీ అత్తగారి భయం భక్తిలోంచి వచ్చింది, మీ అమ్మాయి కోపమూ భక్తిలోంచే వచ్చింది. ఇద్దరూ గోదావరిని తల్లి అనుకుంటున్నారు కాబట్టే ఇంట్లో ఈ వాదన నడుస్తోంది. అయితే శాస్త్రం ఈ విషయంలో మీ అమ్మాయి వైపే ఉంది.

దేవుడికి సమర్పించి తీసిన పూలను నిర్మాల్యం అంటాం. దాన్ని కాలితో తొక్కరాదు, అశుచి ప్రదేశంలో పారవేయరాదు. నియమం అంతవరకే. ఎవరూ తొక్కని చోటు కాబట్టి చెట్టు మొదలో వేసేవారు, ఇంటి పక్కనే పారే నీరుంటే అందులో విడిచేవారు. ఆ రోజుల్లో పూజ అంటే పెరట్లో కోసిన గుప్పెడు పూలు, నాలుగు తులసి దళాలు. ఇప్పుడు బజారులో కొన్న దండ, దాని నైలాను దారం, జరీ చమ్కీలు, అగరుబత్తి డబ్బా, కర్పూరం కవరు అన్నీ కలిసి ఒకే మూటగా వెళుతున్నాయి. ప్లాస్టిక్ కవరులో కట్టి బ్రిడ్జి మీద నుంచి విసిరిన నిర్మాల్యం పవిత్ర జలంలో కలవదు. కవరులోనే కుళ్లి, ఒడ్డున బురదలో చిక్కుకుని, చివరకు పశువుల కాళ్ల కిందికే వస్తుంది. ఏ దోషం తగలకూడదని అంత దూరం వెళుతున్నారో ఆ దోషమే జరుగుతోంది.

నీటిలో వేయకూడని వాటి గురించి మాత్రం మన గ్రంథాలు మొహమాటం లేకుండా చెప్పాయి. మనుస్మృతి నాలుగో అధ్యాయం నీటిలో మలమూత్రాలు, ఉమ్మి, అశుద్ధం అంటిన వస్తువులు, రక్తం, విషపదార్థాలు విడవరాదంటుంది. అంతకంటే ప్రాచీనమైన తైత్తిరీయ ఆరణ్యకం మొదటి ప్రశ్నలో, అంటే మన ఆలయాల్లో పారాయణ చేసే అరుణప్రశ్నలో, ఇదే నిషేధం ఉంది. దానికి చెప్పిన కారణం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. నీళ్లలో అగ్ని దాగి ఉన్నాడట, అతడు మనల్ని దహించకుండా ఉండాలంటే నీటిని అపవిత్రం చేయకూడదట. పూజ చివర మీరు పువ్వు చేతిలో పట్టుకుని వినే మంత్రపుష్పంలో నీటిని గురించిన మంత్రాలు కూడా ఈ ప్రశ్నలోనివే. ఆ మంత్రం విని, ఆ పువ్వునే కవరులో కట్టి నీటిలోకి విసరడం ఎలా పొసగుతుంది?

ఇంకొక నియమం కూడా చెప్పాలి. ఇతరులు తవ్వించిన చెరువులో స్నానం చేయాలంటే ముందుగా అయిదు మట్టి ముద్దలు తీసి గట్టున వేయాలని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. స్నానానికి వచ్చిన ప్రతివాడూ ఆ చెరువు పూడిక కొంత తీసి వెళ్లాలన్నమాట. మన పూర్వులు నీటి దగ్గరకు వెళ్లింది దాన్ని వాడుకోవడానికే కాదు, వెళ్లిన ప్రతిసారీ దానికి ఏదో ఒక సేవ చేయడానికి కూడా. తటాకాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా, కన్నబిడ్డతో సమానంగా లెక్కపెట్టిన జాతి మనది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఒక్క కవరుతో ఏమవుతుంది?

నీటిలో చేపకు, పురుగుకు ఊపిరినిచ్చేది అందులో కరిగిన ప్రాణవాయువు. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి నిలవదు. నీరు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పువ్వు కుళ్లినా, అన్నం మెతుకు కుళ్లినా, మోరీ నీరు కలిసినా సూక్ష్మజీవులు ఆ కొద్దిపాటి ప్రాణవాయువునే వాడేసుకుంటాయి. మీ రామగుండం ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టులో నీరు ఆగి, వేసవిలో మీ దగ్గర పాయ సన్నబడినప్పుడు, వానాకాలంలో వరద తీసుకుపోయే చెత్తే అక్కడక్కడ మడుగుల్లో నిలిచిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించినప్పుడు తెలంగాణ గోదావరి కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. మీ కవరు ఒక్కటే ఆ పని చేయలేదు, నిజమే. కానీ ఆ బ్రిడ్జి మీద బండి ఆపే ప్రతి ఇల్లూ తనది ఒక్క కవరే అనుకుంటోంది.

మీ దిగువన మంథని ఉంది. వేదం చదువుకున్న కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఊరు. ఆ తర్వాత ప్రాణహిత కలిసే కాళేశ్వరం, ఇంకా కిందికి భద్రాచలం, రాజమహేంద్రవరం. మీరు విడిచిన నీటినే వాళ్లు దోసిట పట్టి సంకల్పం చెప్పుకుంటారు, ఆచమనం చేస్తారు. పూజలో మీ కలశంలోకి గోదావరిని రమ్మని పిలుస్తారు కదా, ఆ గోదావరి మీ ఎగువ ఊళ్లవాళ్లు ఎలా విడిచిపెట్టారో అలాగే వస్తుంది.

మరి బాయిలు, ఫ్యాక్టరీలు, పురపాలిక లాంటి పెద్దవాళ్ల సంగతేమిటంటారా? చేసినవాడికి, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, చూసి సరేనన్నవాడికి ఫలంలో వాటా ఉంటుందని ధర్మం చెబుతుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం పరిశ్రమకూ పురపాలికకూ ఒకేలా వర్తిస్తుంది. మోరీ నీటిని శుద్ధి చేయకుండా నదిలోకి విడుస్తుంటే వార్డు సభలో నిలబడి అడగడం, కార్మిక సంఘంలో మాట్లాడటం కూడా మీ గృహధర్మంలో భాగమే. కౌటిల్యుడు నీటి స్థలాలను పాడుచేసినవాడికి జరిమానా విధించాడు, అంటే రాజు ఊరుకోకూడదన్నది పాతమాటే. కానీ ఒక మాట, ఎదుటివారి తప్పు పెద్దదని చూపి మన తప్పును చిన్నది చేసుకునే వీలు ఏ స్మృతిలోనూ లేదు. పైగా తన ఇంటి కవరు మానిన మనిషి అడిగిన ప్రశ్నకు బలం ఎక్కువ.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. అడుగున రంధ్రాలున్న ఒక మట్టి కుండ పెరట్లో పెట్టండి. నిర్మాల్యంలోంచి దారం, జరీ, రేకులు తీసేసి, పూలూ ఆకులూ అందులో వేసి, పైన గుప్పెడు ఎండుటాకులో మట్టో చల్లండి. కొన్ని నెలలకు నల్లటి ఎరువవుతుంది. అది మందారానికో నందివర్ధనానికో వేస్తే ఆ పూలే మళ్లీ దేవుడి పాదాల దగ్గరికి వస్తాయి. ఇంతకంటే గౌరవమైన నిర్మాల్య విసర్జన నాకు తెలియదు. పటాలైతే అద్దం, చట్రం విడదీసి, కాగితాన్ని బకెట్ నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక చెట్టు మొదలో పూడ్చండి. నమస్కరించి పూడ్చితే ఏ దోషమూ లేదు.

బతుకమ్మను మాత్రం దీనితో కలపకండి. తంగేడు, గునుగు, కట్ల పూలను ఏడాదికోసారి నీటికి అప్పగించడం చెరువుకు మనం చేసే పండుగ. ప్లాస్టిక్ పళ్లెం, థర్మాకోల్ ఒడ్డునే తీసేసి, గునుగుకు రసాయన రంగులు అద్దకుండా ఉంటే చాలు. వినాయకుడు కూడా మట్టివాడై ఉంటే ఇంటి బకెట్లోనే నిమజ్జనం చేయవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర మండలి 2020 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

మీవారి బాయి బట్టల గురించి మీరు అడగలేదు గాని, మీ ఇంట్లో రోజూ నీటిని ఎక్కువగా తాకేది అవే. ముందు పొడిగా దులిపి, వట్టి నీళ్లలో రాత్రంతా నానబెడితే బొగ్గు మసి చాలావరకు టబ్బు అడుగుకు చేరుతుంది. పై నీటిని నెమ్మదిగా వంచేసి, అడుగు బురదను మోరీలో పోయకుండా పెరటి మూలన గుంటలో వేయండి. ఆ తర్వాత సగం సబ్బు పొడితోనే బట్ట శుభ్రమవుతుంది. మసి కంటే ఆ పొడి ఎక్కువ కీడు చేస్తుంది. ఫాస్ఫేటు ఉన్న పొడులు నీటి మొక్కలకు ఎరువై, గుర్రపుడెక్క, నాచు పెరిగేలా చేస్తాయి. నురుగు ఎక్కువైతేనే మురికి పోతుందన్నది భ్రమ. మిర్చి బజ్జీలు వేసిన నూనెను, దీపం కుందిలో మిగిలిన నూనెను సింకులో పోయకండి. చల్లారాక పాత పేపరుకు అద్ది చెత్త బండికివ్వండి. వాడకుండా మిగిలిన మాత్రలు, సిరప్పులు లెట్రిన్‌లో వేసి నీళ్లు కొట్టడం చాలా ఇళ్లలో అలవాటు. మందు నీటిలోకి వెళితే మురుగు శుద్ధి కేంద్రం కూడా దాన్ని పూర్తిగా తీసేయలేదు. పాత బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, కాలం చెల్లిన మందులు విడిగా ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. సొంత ఇల్లుండి సెప్టిక్ ట్యాంకు వాడేవారు రెండు మూడేళ్లకోసారి దాన్ని ఖాళీ చేయించాలి. బండివాడు ఎక్కడ వదులుతాడో ముందే అడగండి. వాగులో వదులుతానంటే ఆ బండి పిలవకండి, ఇందాక చెప్పిన వాటాల లెక్క అక్కడా వర్తిస్తుంది.

దశదిన కర్మల్లో చనిపోయినవారి బట్టలు, పరుపులు నదిలో వేసే అలవాటు కూడా పెరిగింది. అస్థికలు కలపడం వేరు, సింథటిక్ చీరలు కలపడం వేరు. అవి ఏళ్ల తరబడి కుళ్లవు, మునిగేవాళ్ల కాళ్లకు చుట్టుకుంటాయి. బాగున్నవి దానం చేయండి.

మీ అత్తగారికి ఇదంతా వాదనగా చెప్పకండి. మొదటి కుండ నిర్మాల్యం ఆమె చేతులతోనే వేయించండి, ఎరువైన రోజు మొదటి మొక్క ఆమె చేతులతోనే నాటించండి. 2015 పుష్కరాలకు మీ కుటుంబం స్నానం చేసే ఉంటుంది. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఆలోపు బ్రిడ్జి దగ్గర నిర్మాల్యం వేసే తొట్టె ఒకటి పెట్టి, దాన్ని రోజూ ఖాళీ చేసే మనిషిని ఏర్పాటు చేయమని మీ కాలనీ మహిళలందరూ సంతకాలు పెట్టి కార్పొరేషన్‌కు ఒక అర్జీ ఇవ్వండి. అర్జీ రాసే పని మీ అమ్మాయికి అప్పగించండి.