ముగింపు ఎవరి బాకీ?

2021లో జపాన్ టీవీలో వచ్చిన యానిమే ‘వండర్ ఎగ్ ప్రయారిటీ’ 12 భాగాలది. చనిపోయిన స్నేహితురాలిని తిరిగి తెచ్చుకోవాలని, ఆత్మహత్య చేసుకున్న ఆడపిల్లల కోసం కలల లోకంలో పోరాడే బాలిక కథ అది. పని ఆలస్యమై 8వ భాగంలో పాత దృశ్యాలే చూపారు. జూన్‌లో వచ్చిన ముగింపు ప్రత్యేక భాగంలోనూ దాదాపు సగం పునశ్చరణే. మరో స్నేహితురాలు నేయిరు ఏమైందో తేలకుండానే కథ ఆగింది. ప్రేక్షకులు నొచ్చుకున్నారు.

ఈ నిరాశను తృష్ణ అని కొట్టిపారేయగలమా? లేమనే మనం అంటాం. పిల్లల చావులను కథగా ఎత్తుకున్నవారు, ఆ దుఃఖానికి మూలం వెతుకుతామని మాట ఇచ్చినట్టే. ఆ మాట అడిగే హక్కు చూసినవారికి ఉంది. అయితే ఆ కోపం బొమ్మలు గీసిన చేతుల మీదికి పోకూడదు. గడువు తరుముతుంటే ఏ చేయి నిలకడగా గీస్తుంది? దుఃఖానికి కారణం ఉంటుందని బుద్ధుడు చూపాడు, తొందరకూ ఉంటుంది. నిందించే ముందు దాన్ని వెతుకుదాం.