పని దొరకనివాడి అన్నం ఎవరి జిమ్మా?

జుమా నమాజు తర్వాత ఒక యువకుడు నన్ను ఆపి అడిగాడు: “మౌలానా! పని దొరకనివాడి అన్నం ఎవరి జిమ్మా? ఢిల్లీదా, హైదరాబాదుదా?” రాజకీయం మాట్లాడుతున్నాడనుకున్నాను. కాదు, అతను అడిగింది అమానత్ గురించి.

దీనికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమలులోకి తెచ్చారు. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని. కూలి డబ్బు కేంద్రానిది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రమే ఇవ్వాలి. తొలి 30 రోజులు కూలిలో నాలుగో వంతుకు, ఆ తర్వాత సగానికి తగ్గకూడదు. పని చూపితే ఖర్చు పైవారిది, చూపకుంటే భారం రాష్ట్రానిది. ఆలోచన మంచిదే. కాని దరఖాస్తుకు తేదీ వేసిన రసీదే ఇవ్వకపోతే ఆ 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలి? భృతి అందుకున్నవారు బహు అరుదు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానే మరో చట్టాన్ని ఆమోదించింది. రోజులను 125 చేసి, ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాలపై పెట్టింది.

పైగా ఇవన్నీ పల్లెల కోసం. తెల్లవారకముందే సికింద్రాబాద్ అడ్డా మీద నిలబడే కూలీకి వాటిలో చోటు లేదు.

షరీఅత్‌లో ‘ఫర్జె కిఫాయా’ అని ఒకటుంది. జనాజాను కొందరు మోస్తే మిగతావారి బాధ్యత తీరుతుంది. ఎవరూ మోయకపోతే తెలిసి, చేయగలిగి ఉన్నవారందరూ పాపాత్ములే. పాపం వాటాలుగా చీలదు. ‘నా వంతు 40 శాతమే’ అనే మాట ఖర్చు లెక్కలో చెల్లుతుంది, ఆకలి లెక్కలో చెల్లదు. కేంద్రానికి స్థోమత ఎక్కువ, కాబట్టి స్థోమత గురించి అది జవాబు చెప్పాలి. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో రాష్ట్రానికి దగ్గరగా తెలుస్తుంది, కాబట్టి తెలిసీ ఊరుకున్నందుకు అది జవాబు చెప్పాలి.

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) యెమన్ ప్రజల జకాత్‌లో మూడో వంతును మదీనాకు పంపినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సంతోషించలేదు, అభ్యంతరం చెప్పారు. అక్కడి ధనవంతుల సొమ్ము అక్కడి పేదలకే చెందాలన్నది ఆయన ఉద్దేశం. ఇక్కడ పుచ్చుకునేవాడే దొరకలేదని ముఆజ్ (రజి) జవాబిచ్చారు. మరుసటి ఏడు సగం, ఆ పై ఏడు మొత్తం పంపారు. అబూ ఉబైద్ ‘కితాబుల్ అమ్వాల్’లో ఈ ఉల్లేఖనం ఉంది. కేంద్రమే ప్రాంతాన్ని నిలదీసింది, సొమ్ము రాలేదని కాదు, వచ్చిందని! పుచ్చుకునేవాడు లేడని చెప్పాలంటే ముందు ఇల్లిల్లూ వెతికి ఉండాలి కదా.

ఇదంతా చెబితే ఆ యువకుడు, “మరి మన మొహల్లా?” అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. ప్రతి రమజాన్‌లో జకాత్ పంచుతాం, కాని మా వీధిలో పని లేనివారు ఎందరో మా దగ్గర కాగితం మీద లేదు. ఇప్పుడు మసీదులో ఒక నోటుపుస్తకం పెట్టాము. అడిగినవాడి పేరు, తెలిసిన పని, అడిగిన తేదీ రాస్తున్నాము.