విశ్వాసమును క్రియలును

వసిష్ఠగోదావరికి ఈవలి యొడ్డున సఖినేటిపల్లి, ఆవలి యొడ్డున నరసాపురము. ఈ రెండు రేవుల నడుమ పంటు సాగునంతసేపును జనులు మాటలాడుకొనని విషయ ముండదు. కొబ్బరికాయ ధర, ఆడపిల్ల పెండ్లి, చేపలచెరువు తగాదా, ఒక్కొకప్పుడు మోక్షము. కొన్ని యేండ్ల క్రిందట నేను పంటుమీద విన్న ప్రశ్న యొకటి నేటికిని నన్ను విడువకున్నది.

రాజోలు ప్రాంతపు పల్లెటూరి స్త్రీ యొకతె తన మందిరపు బోధకుని ప్రక్కన నిలిచియుండెను. ఆమె బాప్తిస్మము పొందినది. ఆమె భర్త పొందలేదు. ఆతడు కొబ్బరి దింపు పనివాడు. ఆదివారమునాడు భార్యను సైకిలుమీద మందిరము వాకిట దింపి, ఆరాధన ముగియువరకును వెలుపల చెట్టునీడను కూర్చుండెడివాడట. 1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను కోనసీమపై విరుచుకొనిపడి, వేయిమందికి పైగా ప్రాణములు గొని, కొబ్బరితోటలను తోటలుగా నేలగూల్చినప్పుడు, ఆతడు పిల్లల నొక్కొక్కరిని వీపున మోసికొని బడి మేడకు చేర్చెనట. ఏ పేట పిల్లలని యడుగలేదట. అట్టివాడు జబ్బుచేసి చనిపోయెను. ఆమె బోధకు నడిగిన దీ యొక్క మాట: "అయ్యగారూ, మా ఆయన ఎక్కడున్నాడండీ?"

బోధకుడు మంచివాడు. నమ్మి బాప్తిస్మము పొందినవాడే రక్షింపబడునని ఆయన ప్రతి యాదివారమును చెప్పుచున్నాడు. ఆ మాట ఆమె ముఖము చూచి చెప్పుటకు నోరు రాలేదు. వేరొకటి చెప్పుటకు మనస్సు రాలేదు. "ప్రార్థన చేసుకుందామమ్మా" అని యూరకుండెను. పంటు ఒడ్డు చేరెను.

ఆయన నేను నిందింపను. ఆయన తడబాటు క్రైస్తవమతమంత ప్రాచీనమైనది. మనుష్యుడు విశ్వాసమువలన రక్షింపబడునా, సత్క్రియలవలన రక్షింపబడునా యను వివాదము రెండువేల యేండ్లనుండి సాగుచున్నది. ఇరుపక్షముల వాదమును దాని బలిమితోడనే వినుట న్యాయము.

విశ్వాసపక్షమువా రిట్లందురు. మోక్షమునకు సత్క్రియలే మూల్యమైనచో, ఎన్ని క్రియలు చాలును? ఆ కొలత యెవ్వరును చెప్పలేరు. అందువలన భీరువు జీవితాంతమును భయపడుచుండును, గర్వి జీవితాంతమును లెక్క చూచుకొని మురియుచుండును. రక్షణ దేవుని దానము. దానమునకు వెల కట్టుట దాతను అవమానించుట. క్రీస్తు ప్రక్కన సిలువ వేయబడిన దొంగకు ఒక సత్క్రియయైనను చేయుటకు వ్యవధి యెక్కడిది? చేతులు రెండును బంధింపబడి యున్నవి. ఐనను ఆతనికి పరదైసు వాగ్దానము చేయబడెను.

క్రియాపక్షమువారి మాటయు తక్కువ బలము గలది కాదు. ఆకలిగొన్న సహోదరునితో చల్లగా వెళ్లుమని చెప్పి పిడికెడన్నము పెట్టనివాని విశ్వాసమేమి విశ్వాసము? నమ్మకము మాత్రమే చాలినచో దయ్యములును దేవుడొక్కడే యని నమ్ముచున్నవని యాకోబు తన పత్రికలో హేళన చేసెను. మత్తయి సువార్త ఇరువదియైదవ యధ్యాయమునందలి తీర్పుదినమున, నీవేమి నమ్మితివని న్యాయాధిపతి యెవ్వరిని నడుగడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా, చెరలోనివానిని చూడబోతివా యనునదే యచట విచారణ.

ఈ వాదము పుస్తకములలో నిలిచిపోలేదు. అయిదవ శతాబ్దమున అగస్తీనును పెలేజియసు అనుయాయులును దీనినిగూర్చియే పోరాడిరి. 1517లో మార్టిన్ లూథరు పాపపరిహారపత్రముల విక్రయమును ఖండించెను. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను జర్మనుభాషలోనికి తెచ్చునప్పుడు, మూలమున లేని 'మాత్రమే' యను పదమును విశ్వాసమునకు చేర్చెను. 1522నాటి పీఠికలో యాకోబు పత్రికను గడ్డిపరకతో పోల్చెను. 1547లో ట్రెంటు మహాసభ విశ్వాసమాత్రవాదమును నిషేధించెను. ఐరోపా రెండు చీలికలాయెను. తుదకు 1999 అక్టోబరు 31వ తేదిన ఆగ్స్‌బర్గు నగరమున కథోలికులును లూథరనులును ఉమ్మడి ప్రకటనపై చేవ్రాళ్లు చేసిరి. 2006లో మెథడిస్టులును అందు చేరిరి. కృపవలన విశ్వాసముచేతనే మనుష్యుడు నీతిమంతుడగును, సత్క్రియలు ఆ కృపకు ఫలములు అనునది దాని సారము. చెట్టు కాయను కాచును గాని కాయ చెట్టును కాయదు. కాని కాయని చెట్టును చూచి రైతు సంతోషింపడు.

ఇది మంచి సమాధానమే. పండితులు దీనితో తృప్తులైరి. కాని పంటుమీది స్త్రీ అడిగిన ప్రశ్నకు ఇందు జవాబు లేదు. కావున ప్రశ్నను మన నేలమీదనుండియే మరల నడిగి చూతము.

ఈ వివాదము మనకు క్రొత్త కాదు. శ్రీవైష్ణవులలో వడగలవారు కోతిపిల్లను, తెంగలవారు పిల్లిపిల్లను దృష్టాంతముగా చెప్పుదురు. కోతిపిల్ల తల్లిపొట్టను తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నమెంత, దైవకృప యెంత యనునదే యచటి తగవు. కాని కోనసీమవంటి వైదికభూమిలో, అగ్నిహోత్రములు మనకాలమువరకును ఆరక నిలిచిన యీ గడ్డమీద, ఇంకొక ప్రశ్న దానికి ముందు నిలుచును. కర్మచేత మోక్షము రాగలదా యనునది తరువాతి మాట. కర్మ చేయుటకు అధికారి యెవడు?

పూర్వమీమాంస ఆరవ యధ్యాయము ఈ అధికారమునే విచారించుచున్నది. వైదికయాగమునకు నాలుగు వర్ణములవారును అధికారులని బాదరి యను ఆచార్యుడు వాదించెను. ఆ వాదము త్రోసివేయబడి, శూద్రునకు అధికారము లేదని సిద్ధాంతమయ్యెను. నాలుగు వర్ణములకును వెలుపల నుంచబడినవారి మాట చెప్పవలసిన పనియే లేదు. ఇక లౌకిక పుణ్యములా? సప్తసంతానములను తలంచుకొనుడు. తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, ప్రబంధము, పుత్రుడు. వీనిలో పుత్రుడు తప్ప తక్కినవన్నియు ధనమో విద్యయో కలవారికే దక్కునవి. చెరువు త్రవ్వించినవానికి పుణ్యము, త్రవ్వినవానికి కూలి. గునపము పట్టి బొబ్బలెక్కిన చేయి ఆ పుణ్యపుపద్దులో నెక్కడను కనబడదు. పైగా చెరువు నిండినపిదప ఆ చేయి అందలి నీటిని తాకరాదు.

ఇట్టి దేశమునకు 1836లో విలియము బౌడెను, జార్జి బీరు అను ఇద్దరు సామాన్యులు ఆంథొనీ నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండునుండి వచ్చిరి. నియతమైన జీతము లేక, దేవుడే పోషించునను నమ్మకముతో వచ్చి నరసాపురము ప్రాంతమున స్థిరపడిరి. వారి పని గోదావరి డెల్టా మిషనై, వసిష్ఠను దాటి కోనసీమలో వ్యాపించెను. విశ్వాసమాత్రమున రక్షణ యని వారు బోధించినప్పుడు, ఆ మాట ఐరోపాలో పండితుల చెవికి వినబడినట్లు మాలపల్లెలో వినబడలేదు. యాగము చేయనక్కరలేదు, చెరువు త్రవ్వింపనక్కరలేదు, మరియొక జన్మమెత్తి రానక్కరలేదు, వట్టిచేతులతో రావచ్చును. వేలయేండ్లుగా చేతులు వట్టివిగా ఉంచబడినవారికి ఇంతకంటె శుభవార్త యేది? విశ్వాసవాదపు మహిమ యిది. దీనిని తక్కువ చేసి మాటలాడువాడు కలిగినవాడైనను కావలెను, మరచినవాడైనను కావలెను.

ఇప్పుడు చదువరులను ఒక విషయము గమనింప వేడుచున్నాను. పౌలు విశ్వాసమునుగూర్చి గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమును, యాకోబు క్రియలనుగూర్చి వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమును ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. రెండును మోక్షవిచారముతో ఆరంభము కావు.

పౌలు చెప్పునది భోజనపుపంక్తి కథ. అంతియొకయ పట్టణమున పేతురు సున్నతిలేని అన్యజనులతో కలిసి భుజించుచుండెను. యెరూషలేమునుండి ఆచారవంతులు కొందరు రాగా, వారికి వెరచి పంక్తినుండి తొలగెను. ఆయనను చూచి తక్కినవారును తొలగిరి. పౌలు అందరి యెదుటను ఆయనను నిలదీసెను. ధర్మశాస్త్రపు క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతి కలుగునను వాక్యము ఆ సందర్భమున పలుకబడినది. అనగా, నీ యాచారము నీ కెక్కువ పుణ్యమేమియు తేలేదు, కావున ఈ మనుష్యుని సరసను కూర్చుండి తినుమని యర్థము.

యాకోబు చెప్పునది పీట కథ. బంగారు ఉంగరము పెట్టుకొన్నవాడు సభలోనికి రాగా మంచిచోట కూర్చుండబెట్టి, మాసినబట్టలవానిని అక్కడ నిలువుమనియో, క్రింద కూర్చుండుమనియో అనుచున్నారని ఆయన మందలించెను. విశ్వాసము క్రియలు లేక మృతమైనదను మాట ఆ మందలింపునకు కొనసాగింపు. అనగా, అందరమొకటే యని నమ్మితివి గదా, కావున లేచి వానికి చోటిమ్మని యర్థము.

ఒకరు పంక్తినిగూర్చి మాటలాడిరి, ఒకరు పీటనుగూర్చి మాటలాడిరి. ఇద్దరు వైద్యులు, ఒకటే రోగము. విశ్వాసమాత్రమని చెప్పదగినది పుణ్యము గడింప వీలులేక క్రుంగినవానితోను, పుణ్యము గడించితినని ఎత్తుపీట కోరువానితోను. క్రియలు లేని విశ్వాసము పీనుగని చెప్పదగినది నమ్మితిమని పాడి, ప్రక్కవానికి చోటీయనివానితో. మందులు తారుమారైనప్పుడే చేటు. కలిగినవానికి విశ్వాసము చాలునని చెప్పుట వానికి నిద్రమందు పోయుట. క్రుంగినవానితో నీ క్రియలు చాలవనుట పడినవానిని తన్నుట.

మనదేశమున ఈ తారుమారు జరుగలేదా? విశ్వాసమొక్కటే చాలునను సిద్ధాంతముమీద నిలిచిన సంఘములలోనే, ఒకే ప్రభువు పేర మాలపేటకొక మందిరము, మాదిగపేటకొక మందిరముగా వెలసిన యూళ్లు తెలుగుదేశమున తక్కువ కావు. పంక్తిలో పుట్టిన సిద్ధాంతము పంక్తిని కలుపలేకపోయెను. అట్లని విశ్వాసము వట్టిదనరాదు. ఆ నరసాపురముననే, క్రియలవలన రక్షణ లేదని బోధించినవారే, కుష్ఠరోగులకు బెతెస్ద యను ఆసుపత్రిని స్థాపించిరి. పుణ్యము రాదని తెలిసియు ఎవ్వరును తాకని దేహమును తాకిరి. వెల కోరని క్రియ యెట్టిదో అది చూపుచున్నది. మోక్షముకొరకు చేసిన సేవలో రోగి నిచ్చెనమెట్టు. మోక్షమునుగూర్చి లెక్క విడిచి చేసిన సేవలో రోగి మనుష్యుడు.

ఇది సంఘసంస్కారవిషయమే గాని మోక్షవిచారము కాదని కొంద రాక్షేపింతురు. ఈ లోకపు పీటలకును ఆ లోకపు రక్షణకును సంబంధమేమని యడుగుదురు. వారి యాక్షేపణ తేలికది కాదు. మరణమును పీటలతో జయింపలేము. ఐనను పౌలు ఆ సంబంధమును చూచెను, యాకోబు చూచెను. పరలోకమున ఒకే బల్లయొద్ద కూర్చుండగలమని నమ్మువాడు ఇచట ప్రక్కన కూర్చుండుటకు జంకినచో, ఆతడు నమ్మినది పరలోకమును కాదు, తన కచట ప్రత్యేకముగా వేయబడు పీటను.

మన జనులు దీనిని శాస్త్రము చదువకయే కొంత యెరిగినట్లున్నది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టవలన ఈ డెల్టాకు అన్నము పెట్టిన సర్ ఆర్థరు కాటను నిష్ఠగల క్రైస్తవుడు. నిత్యగోదావరీస్నానమును సమకూర్చినాడని వైదికులు ఆయనను సంకల్పమున స్మరించెడివారని గోదావరి మండలమున చెప్పుకొందురు. ఆయన మోక్షము పొందెనా యని వారడుగలేదు. నీరు వచ్చినది, నమస్కరించిరి. కాని ఆ ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ సంకల్పమునను లేవు. పాత లెక్కయే మరల!

ఇక ఆ స్త్రీ ప్రశ్న. నాకు జవాబు తెలియునని చెప్పుట ఆమెను మోసగించుట. కాని బోధకుని గ్రంథములోనే యొక యాధారము కలదు. మత్తయి చెప్పిన తీర్పులో కుడివైపున నిలిచినవారు తమకు స్థానము దొరకినందులకు ఆశ్చర్యపడుదురు. ప్రభువా, నిన్నెప్పుడు చూచితిమి, ఎప్పుడు నీ కన్నము పెట్టితిమి అని యడుగుదురు. వారు లెక్క వ్రాసికొనలేదు. ఎవరికి చేయుచున్నారో వారికి తెలియదు. తుపానురాత్రి ఏ పేట పిల్లలని యడుగక వీపున నెత్తుకొన్నవానికి ఆ గుంపు పరాయిది కాదని చెప్పుటకు బోధకుడు తన సిద్ధాంతమును విడువనక్కరలేదు. రక్షణ దేవుని దానమని తానే బోధించుచున్నాడు గదా. దాత చేతికి హద్దు గీయుట దానము పుచ్చుకొన్నవాని పని కాదు.

అది చెప్పినపిదప ఆయన చేయవలసిన పని యొకటి మిగిలియుండును. ఆ దింపు పనివాడు ఎన్నియో యేండ్లు మందిరము వెలుపల చెట్టునీడను కూర్చుండెను. లోపలికి రమ్మని, వచ్చి ప్రక్కన కూర్చుండుమని, ప్రేమవిందునాడు ఒక యాకు వేసి వడ్డించెదమని ఎవరైన పిలిచిరా? ఆతడెక్కడున్నాడని ఆమె బోధకు నడిగినది. ఆతడు బ్రతికియున్నన్నాళ్లు ఎక్కడ కూర్చున్నాడో సంఘమునకు తెలియును. రాబోవు ఆదివారమునాడు ఆ చెట్టుక్రింద ఇంకొకడు కూర్చుండియుండును. వానియొద్దకు నడచిపోవుటకు విశ్వాసమును కావలెను, కాళ్లును కావలెను.