లెక్క తప్పిందన్నారు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో శరదృతువులో జరిగే 'హోమ్‌కమింగ్'ని పూర్వ విద్యార్థుల సమ్మేళనం అని అనువదిస్తుంటారు. నాకా మాట చప్పగా అనిపిస్తుంది. నల్లజాతివారి చదువు కోసం ఏర్పడ్డ విశ్వవిద్యాలయాల్లో అయితే అది అచ్చంగా పుట్టింటికి రావడమే. ఏడాది పొడుగునా ఎవరి కొలతలకో సర్దుకుని బతికిన మనిషి, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని చోటికి నాలుగు రోజులు వచ్చిపోవడం. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పండుగ 1924లో మొదలైంది. ఫుట్‌బాల్ ఆట, ఊరేగింపు, రాణి ఎన్నిక అన్నీ ఒకెత్తు, విద్యార్థి సంఘాల మధ్య జరిగే 'స్టెప్' పోటీ ఒకెత్తు.

స్టెప్‌ని నాట్యం అనలేం, కవాతు అని కూడా అనలేం. దానికి వాయిద్యం అక్కర్లేదు. నేల మీద పాదం, తొడ మీద అరచెయ్యి, గొంతులోంచి పిలుపు, వీటితోనే తాళం. పదిమంది అమ్మాయిలు ఒకే శరీరంలా కదలాలి. ఒక్కరి పాదం అరక్షణం ఆలస్యమైనా హాలంతటికీ వినిపిస్తుంది. ప్రతి సంఘానికీ తన రంగులు, తన కేక, తన చరిత్ర ఉంటాయి. విద్యార్థినుల సంఘాల్లో ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో, డెల్టా సిగ్మా థీటా 1913లో హోవార్డ్‌లోనే పుట్టాయి. డెల్టాని స్థాపించింది 22 మంది విద్యార్థినులు. ఆ సంఘం మొట్టమొదటగా బయటికొచ్చి చేసిన పని, అదే ఏడాది మార్చి 3న వాషింగ్టన్‌లో స్త్రీల ఓటు హక్కు ఊరేగింపులో నడవడం. నల్లజాతి స్త్రీలు వెనక వరసలో నడవండి అని తెల్ల నాయకురాళ్ళు చెప్పిన ఊరేగింపది. ఐడా బి. వెల్స్ ఆ మాట వినలేదు. దారి మధ్యలో తన ఇల్లినాయ్ బృందంలోకి నడిచి వచ్చి కలిసింది. కనుక కలిసి అడుగు వెయ్యడమనేది ఈ సంఘాల అమ్మాయిలకు వినోదం మాత్రమే కాదు.

ఇలాంటిదాన్ని పుట్టింటి వాకిట్లోంచి తీసి మార్కెట్ వేదిక ఎక్కిస్తే ఏమవుతుంది? కోకకోలా కంపెనీ తన స్ప్రైట్ పేరుమీద దేశవ్యాప్తంగా స్టెప్ పోటీ పెట్టింది. 2010 ఫిబ్రవరిలో అట్లాంటాలో ఫైనల్స్. సోరోరిటీల విభాగంలో మొదటి బహుమతి లక్ష డాలర్ల స్కాలర్‌షిప్. దాన్ని ఆర్కన్సా విశ్వవిద్యాలయానికి చెందిన జీటా టౌ ఆల్ఫా అనే తెల్ల అమ్మాయిల సంఘం గెలుచుకుంది. హాల్లో కొందరు గేలిచేశారు. ఇంటర్నెట్ నిండా వాదోపవాదాలు. కొద్ది రోజులకే కంపెనీ ఒక ప్రకటన చేసింది: మార్కుల లెక్కింపులో తేడా కనబడింది, కాబట్టి రెండో స్థానంలో వచ్చిన ఇండియానా విశ్వవిద్యాలయపు ఆల్ఫా కప్పా ఆల్ఫా బృందం కూడా మొదటి స్థానమే, వాళ్ళకీ లక్ష డాలర్లు.

నన్ను ఇబ్బంది పెట్టేది తెల్ల అమ్మాయిల గెలుపు కంటే ఈ ప్రకటనే. ఆ అమ్మాయిలు కష్టపడి నేర్చుకున్నారు, నిబంధనలు పాటించారు, బాగా చేశారు. కళ నేర్చుకోవడానికి రంగు అడ్డుపెట్టాలని నేననను. అలాగని గేలిచేసిన వాళ్ళంతా అసూయాపరులని కొట్టిపారెయ్యలేను. వాళ్ళ దుఃఖం వేరు. మిగతా ప్రపంచమంతా ఎవరి కొలతలతో నడుస్తుందో వాళ్ళే ఇక్కడ కూడా మొదటి స్థానంలో నిలబడ్డారు. పైగా ఆ అడుగు వెనకున్న వెనక వరస అనుభవం ఏ మార్కుల పట్టికలోనూ ఒక గడి కాదు. సమన్వయానికి ఇన్ని, కొత్తదనానికి ఇన్ని అని వేస్తారు. వారసత్వానికి ఎన్ని వెయ్యాలి? వేస్తే అన్యాయం, వెయ్యకపోతే అబద్ధం. ఇది నిజమైన నైతిక సమస్య. కంపెనీ దీన్ని కూడికల తప్పుగా మార్చేసింది. దాంతో ఆర్కన్సా అమ్మాయిలు తాము నిజంగా గెలిచామా అన్నది ఎప్పటికీ తేల్చుకోలేరు. ఇండియానా అమ్మాయిలు తమకొచ్చింది న్యాయమా, నోరు మూయించడానికిచ్చిన డబ్బా అన్నదీ తేల్చుకోలేరు. ఇద్దరు స్త్రీల మధ్య జరగవలసిన సంభాషణని, కష్టమైనదే కావచ్చు, మధ్యలో ఒక చెక్కు పెట్టి ఆపేశారు.

మరైతే పోటీ ఇంట్లోనే ఉంటే సరిపోయేదా? అక్కడే స్త్రీవాదులం కొంచెం ఆగాలి. పుట్టిల్లు కూడా ఆడపిల్ల రంగు చూస్తుంది. ఆ మాట మనకెవరూ చెప్పక్కర్లేదు. స్పైక్ లీ 1988లో తీసిన 'స్కూల్ డేజ్' సినిమా కథంతా ఒక నల్లజాతి కాలేజీ హోమ్‌కమింగ్ రోజుల్లోనే నడుస్తుంది. అందులో లేతరంగు, సాపుజుట్టు అమ్మాయిలు ఒకవైపు, ముదురురంగు, ఉంగరాల జుట్టు అమ్మాయిలు ఒకవైపు నిలబడి ఒకరినొకరు పాటలో వెక్కిరించుకుంటారు. న్యాయనిర్ణేతలు మనవాళ్ళే అయినంత మాత్రాన వాళ్ళ చేతిలో కొలబద్ద మనదై ఉంటుందన్న హామీ లేదు. తేడా ఒక్కటే అనుకుంటాను. ఇంట్లో ఆ కొలబద్దని పట్టుకుని పోట్లాడే వీలుంటుంది, ఎందుకంటే తీర్పు చెప్పేవాళ్ళూ ఆ తీర్పు కిందే బతకాలి.

హోవార్డ్‌లో 1966లో అలాంటి పోట్లాట జరిగింది. రాబిన్ గ్రెగరీ అనే విద్యార్థిని హోమ్‌కమింగ్ రాణి ఎన్నికకు నిలబడింది. అంతవరకూ రాణి అంటే లేత చాయ, సాపుచేసిన జుట్టు. ఈమె తన జుట్టుని సహజంగా, ఆఫ్రోగా వదిలేసింది. హాస్టళ్ళకు వెళ్ళి పౌరహక్కుల ఉద్యమం గురించీ, మనల్ని మనం చూసుకునే తీరు మారాలన్న విషయం గురించీ మాట్లాడింది. అందాల పోటీని తిట్టి బయట నిలబడి ఉండవచ్చు. లోపలికి వెళ్ళడం ఎంచుకుంది. ఇది రాజీ అనేవాళ్ళుంటారు, నాకు మాత్రం ఆ లెక్క అంత తేలిగ్గా తెగదు.

అప్పుడక్కడ విద్యార్థినిగా ఉన్న చరిత్రకారిణి పౌలా గిడింగ్స్ ఆ రాత్రిని గుర్తుచేసుకుంది. చీకట్లో సింహాసనం తిరుగుతోంది, దీపాలు మెల్లగా వెలుగుతున్నాయి. మనిషి కనబడకముందే నీడ కనబడింది, ఆ జుట్టు నీడ. హాలు హాలంతా లేచింది. అరుపులు నినాదమయ్యాయి, నినాదం లయ అయింది, ఒకరి వెనక ఒకరు ఆ లయకి అడుగులేస్తూ తలుపుల్లోంచి వీధిలోకి నడిచారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1968 మార్చిలో, హోవార్డ్ విద్యార్థులు పరిపాలనా భవనాన్ని ఆక్రమించారు.

రాణి ఎన్నిక మాత్రం పోలేదు. హోవార్డ్‌లో మిస్ హోవార్డ్‌ని ఇప్పటికీ ఎన్నుకుంటూనే ఉన్నారు.