మొక్కది తప్పా, మూట మోసినవాడిదా?

గంజాయిని చట్టబద్ధం చేస్తామని కొన్ని దేశాల్లో పార్టీలే ఓట్లు అడుగుతున్నాయి. కెనడాలో లిబరల్ పార్టీ 2015 ఎన్నికల్లో ఆ మాట ఇచ్చి 2018 అక్టోబరులో నిలబెట్టుకుంది. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళు 25 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు.

మన దగ్గర అదే మొక్కకు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. 20 కిలోలు దాటిన గంజాయితో పట్టుబడి నేరం రుజువైతే కనీసం పదేళ్ళ కఠిన కారాగార శిక్ష. బెయిలు దొరకడమూ కష్టమే. విశాఖ మన్యంలో ఈ లెక్క తెలియకుండానే కూలి డబ్బుకు మూట ఎత్తుకున్న మన పిల్లలున్నారు. పెట్టుబడి పెట్టినవాడు మైదానంలో ఉంటాడు. కొండ దారిలో దొరికేది మోసినవాడే.

ఒకచోట హక్కు, ఇంకొకచోట పదేళ్ళ జైలు. మరి అసలు తప్పు ఏది?

మొక్కకు పాపం లేదు. అలాగని దాని మత్తు మంచిదీ కాదు. అనుమతించిన జర్మనీ కూడా 18 ఏళ్ళ లోపువారిని దాని దగ్గరికి రానివ్వలేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన హాని పోదు. అదే విధంగా, చట్టం శిక్షించినంత మాత్రాన న్యాయం జరిగినట్టూ కాదు. లాభం ఒకడిది, జైలు ఇంకొకడిది అయినప్పుడు అది న్యాయమని మేము అనలేము.

చట్టబద్ధం చేస్తే మన కష్టం తీరుతుందా? థాయిలాండ్‌ను చూడండి. భూమ్‌జాయ్‌థాయ్ పార్టీ 2019 ఎన్నికల్లో ఇంటికి ఆరు మొక్కలని చెప్పింది. 2022 జూన్‌లో ఆంక్షలు తొలగాయి. 2025 జూన్‌లో వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. పార్టీ మాటను నమ్మి విత్తనం వేసిన రైతు, ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పంట వెతుక్కోలేడు. పైగా లైసెన్సు అంటే పట్టా, పెట్టుబడి, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక. అవి మనలో ఎంతమందికి ఉన్నాయి?

అందుకే రేపు ఏ పార్టీ వచ్చి ఈ మాట చెప్పినా మనం మూడు ప్రశ్నలు అడగాలి. జైల్లో ఉన్న కూలివాడి సంగతేమిటి? సాగు హక్కు ఎవరిది? మా కాఫీకి, మిరియాలకు, పసుపుకు ఇచ్చే ధర ఎంత? మూడో ప్రశ్నకు సరైన జవాబు వస్తే మొదటి రెండింటి అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, అంతదాకా ఆగవద్దు. 20 కిలోలు, పదేళ్ళు. ఈ రెండు అంకెలు మన బడిలో ప్రతి పిల్లవాడికీ ఎక్కాల్లా రావాలి.