పాలు ఎవరి దానం?

ఈనిన తొలి వారాల్లో హోల్‌స్టీన్ ఆవు తినే మేత దాని పాలకు చాలదు. లోటు ఒంట్లోంచే తీరుతుంది. కాలేయంలో గ్రోత్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఈత వేళకు మందగిస్తుంది. ఐజీఎఫ్-1 అనే హార్మోను పడిపోతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది. కొవ్వు కరిగి రక్తంలోకి చేరుతుంది. కండరాలు గ్లూకోజును పెద్దగా తీసుకోవు. పొదుగుకు మాత్రం ఇన్సులిన్ అనుమతి దాదాపు అక్కర్లేదు. అందిన గ్లూకోజును చాలావరకు లాక్టోజుగా మార్చేస్తుంది. లీటరు పాలకు సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. 30 లీటర్లిచ్చే ఆవుకు రోజూ రెండు కిలోల పైమాటే. పక్కటెముకలు తేలతాయి. కరిగిన కొవ్వును కాలేయం మోయలేకపోతే కీటోసిస్ అనే జబ్బు. ఊపిరి తియ్యటి వాసన కొడుతుంది.

ఒళ్లంతా ఇలా ఒకే పనికి మళ్లడాన్ని 1980లో శాస్త్రవేత్తలు బామన్, కర్రీ హోమియోరెసిస్ అన్నారు. దీన్ని దానమనవచ్చా? దానానికి సంకల్పం కావాలి. నీళ్లు వదిలి ఇచ్చేది అందుకే. కాలేయం ఏ సంకల్పమూ చెప్పుకోదు. తల్లి ప్రేమ అనుకుందామంటే, దూడ అన్ని పాలు తాగలేదు. మిగతాది మనిషి తరాల తరబడి ఎంపిక చేసి రప్పించుకున్నది. 1912లో పాలు మానిన గాంధీకి ఉన్న అభ్యంతరాల్లో ఒకటి పాడిపశువుల మీద జరిగే హింస. అది కొట్టంలో కంటికి కనిపించేది. ఎంపికతో కణంలోకి చేరిన ఒత్తిడికి కర్ర పట్టిన చెయ్యి లేదు. దోషం ఎవరిదో తేల్చడం అక్కడే చిక్కు.